ఎర్ర బటన్ మీద ప్లాస్టర్

ఆ శనివారం పొద్దున డెస్ పిగట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రేకు పడవను నదిలోకి దించాలి, ఒక మోస్తరు పండుగప్పను పట్టాలి, దానితో ఒక పెద్ద ఫొటో దిగాలి, మధ్యాహ్నం కునుకు వేళకు ఇల్లు చేరాలి. చేప కాస్త చిన్నదైనా దిగులు లేదు. చిన్న చేపను పెద్దది చేసే విద్య డెస్ చేతుల్లోనే ఉంది.

ఆ విద్య ఏమంత కష్టమైనదీ కాదు. చేపను రొమ్ముకు ఆనించుకుని నిలబడితే అది ఎంత ఉందో అంతే కనిపిస్తుంది. అలా కాకుండా రెండు చేతులూ బార చాపి, చేపను కెమెరా ముక్కు దాకా నెట్టి, మనిషి మాత్రం వెనక్కి వాలి నవ్వాడంటే, పిల్లికి ఒక పూటకు సరిపోయే చేప కూడా ఫొటోలో దూడంత అవుతుంది.

కర్లూ పాయింట్ చేపల క్లబ్బులో ఈ విద్యకు మంచి గిరాకీ ఉంది. పట్టిన చేపను ప్రాణంతో నదికే వదిలేయడం ఆ క్లబ్బు పద్ధతి. ఒడ్డుకు వచ్చేది ఫొటో ఒక్కటే. చేపకు టేపు పెట్టి కొలవడం అనుమానపు మనుషుల పని అని పెద్దలు ఏనాడో తేల్చేశారు. వానలు మొదలయ్యే ముందు జరిగే చివరి సమావేశంలో ఫొటోలు చేతులు మారతాయి, ఆపైన చేతులు లేస్తాయి. వచ్చిన ఫొటోలన్నీ బీరు బల్ల పక్క గోడకెక్కుతాయి, గెలిచినది అన్నిటికంటే పైన. గెలిచినవాడు ఏడాది పాటు ఆ గోడ వారనే ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటాడు. హాల్లో ఫ్యాన్లు నాలుగున్నా తిరిగేది అదొక్కటే. వానలకు ముందు ఆ ఊరి ఉక్కకు కోడిపెట్టలు ఉడికిన గుడ్లే పెడతాయని డెస్ చెబుతుంటాడు. ఆ మాట నమ్మనివాళ్లు కూడా ఆ కుర్చీ విలువను మాత్రం కాదనరు.

కొన్నేళ్లుగా ఆ కుర్చీ డెస్‌దే. అంతకుముందు అది క్లారీ బార్న్స్‌ది. క్లారీ క్లబ్బు అధ్యక్షుడు, డెస్‌తో చిన్నప్పటినుంచీ కలిసి తిరిగినవాడు. చెవులు సరిగ్గా వినపడవు గాని, ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారన్నది ఆయన కంటినుంచి తప్పించుకోదు.

కిందటి నెల సమావేశంలో ఈ కుర్చీ కాళ్లే కాస్త ఊగాయి. ఎరల దుకాణం నడిపే బ్రోన్విన్, క్లబ్బు కార్యదర్శి, లేచి నిలబడింది.

"ఇప్పుడు వీడియో తీయని కెమెరా కొందామన్నా దొరకదు. ఉన్నదాన్ని వాడుకుంటే పోలా? ఈ ఏటినుంచి ఫొటోతోపాటు వీడియో కూడా చూద్దాం. చేప అటూ ఇటూ కదిలితే అసలు సైజు తెలిసిపోతుంది."

'తెలిసిపోతుంది' అన్న మాట డెస్ గొంతులో ముల్లులా అడ్డం పడింది. ఫ్యాను కింద నుంచే లేచాడు.

"ఫొటో కెమెరాలో వీడియో ఎందుకమ్మా? కెటిల్ ఉంది కదా అని అందులో సాక్సులు ఉడకేస్తామా? ఫొటో అంటే ఒక్క క్షణం. దానికి ముందేం జరిగింది, వెనకేం జరిగింది అని ఆరా తీయడం మర్యాద కాదు. పెళ్లి ఫొటోని అలా అడుగుతామా?"

"మన పెళ్లి ఫొటోని అడగాల్సిందే," అంది వెనక వరసలోంచి ఆయన భార్య నోలీన్. "అది తీసిన మరుక్షణమే నువ్వు కేకు మీద కూలబడ్డావు."

హాలంతా నవ్వింది. బ్రోన్విన్ పట్టు వదల్లేదు. "పోనీ, వీడియోలోంచి ఒక బొమ్మ ఆపి తీసి ఇస్తే?"

"అదీ చెల్లదు. కదిలేదాని కడుపున పుట్టింది కదలకపోయినా అదే జాతి," అన్నాడు డెస్. వీడియో చెల్లదని రూలు పెట్టి, ఆ మాట కూడా అందులో చేర్చమన్నాడు. బ్రోన్విన్‌ది తప్ప హాల్లో ఉన్న చేతులన్నీ చప్పున లేచాయి. తన మాటకారితనం ఇంత గొప్పదని డెస్‌కు ఆ రోజే తెలిసింది.

ఇంతలో ఆయన పాత కెమెరా నది పాలైంది. నోలీన్ కొత్తది తెప్పించింది. దాని వీపు మీద వీడియోకని ఒక ఎర్ర బటన్ ఉంది. శత్రువు ఇంట్లోకే వచ్చి కూర్చున్నట్టనిపించి, పొరపాటున కూడా ఎవరూ దాన్ని ముట్టకుండా డెస్ మందుల డబ్బాలోంచి ప్లాస్టర్ తీసి, ఎర్ర బటన్ మీద అడ్డంగా అంటించాడు. ఆ సంగతి నోలీన్‌కు చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అనుకోలేదు.

శనివారం పొద్దున ఇద్దరూ ఫ్లాస్కు, బీట్‌రూట్ పెట్టిన శాండ్‌విచ్‌లు తీసుకుని మొసళ్లు తిరిగే మడ అడవుల మలుపు దాకా వెళ్లారు. రెండో శాండ్‌విచ్ సగంలో ఉండగా నీళ్లలో బకెట్టు బోర్లించినంత చప్పుడైంది. గేలం కర్ర విల్లులా వంగింది. పండుగప్ప గాల్లోకి లేచి, మొప్పలు విప్పి తల విదిలించి, మళ్లీ పడింది. పడవలోని టీ అంతా నోలీన్ ఒళ్లో పడింది.

డెస్ తాతల కాలం నాటి బూతులన్నీ తిరగేసి, చివరికి దాన్ని వలలోకి లాగాడు. ఆ చేప నిజంగా పెద్దది. చేతులు చాపుదామన్నా చాపలేనంత పెద్దది. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రొమ్ముకు హత్తుకుని నిలబడ్డాడు.

"నోలీన్, కెమెరా."

"ఏది నొక్కాలి?"

"కనబడుతూనే ఉందిగా."

నిజమే, కనబడుతూనే ఉంది. నల్లటి కెమెరా మీద గోధుమరంగు ప్లాస్టర్ కంటే బాగా కనబడేది మరొకటి లేదు. ఎప్పుడూ ఏది నొక్కాలో అడిగి ప్రాణం తీస్తానని, పాపం, గుర్తు పెట్టాడు అనుకుంది నోలీన్. ప్లాస్టర్ మీదే గట్టిగా నొక్కింది.

"తీశావా?"

"తీస్తున్నా. లోపల అంకెలు పరిగెడుతున్నాయి. వెలుతురు లెక్క వేసుకుంటోందేమో, కదలకు."

డెస్ కదల్లేదు. నవ్వు కూడా కదలనివ్వలేదు. పెదవులు తెరవకుండా అడిగాడు, "ఇంకా ఎంతసేపు?"

"కొత్త కెమెరా కదా, నిదానం. అవునూ, చేతులు ముందుకు చాపలేదేం? ఎప్పుడూ చాపేవాడివేగా?"

"ఈసారి ఆ కర్మ లేదే. ఇది నిజంగానే పెద్దది. గోడ మీదున్న నా చేప దీని తోకంత కూడా ఉండదు."

"డెస్, ఆ ఒడ్డున దుంగ కళ్లు ఆర్పుతోంది."

"ఆర్పనీ. ముందు ఫొటో అవనీ."

దుంగ చడీచప్పుడూ లేకుండా నీళ్లలోకి జారింది. అది చూశాక డెస్‌కు ఫొటో మీద మోజు కాస్త తగ్గింది. గబగబా అవతలి వైపు వంగి, చేపను వదిలి, మోటారు తాడు లాగాడు.

ఇంటికి వచ్చి వంటింటి బల్ల మీద కెమెరా పెట్టి చూస్తే అందులో ఫొటో లేదు. వీడియో ఉంది. డెస్ మొహం బీట్‌రూట్ రంగుకు వచ్చింది.

"ప్లాస్టర్ ఎందుకు అంటించానే?"

"నొక్కమని."

"నొక్కొద్దని."

"నొక్కొద్దన్నదానికి గుర్తెందుకు పెడతారు?"

డెస్ కెమెరా తన వైపు లాక్కుని, ఊరికే ఎలా వచ్చిందో చూద్దామని వీడియో ఆడించాడు. మళ్లీ ఆడించాడు. చేప ఊపిరి తీస్తుంటే మొప్ప తలుపులా తెరుచుకుని మూసుకుంటోంది. పొలుసుల మీద వెండి రంగు ఎండను బట్టి మారుతోంది. చివర్న, ఆయన చేతుల్లోంచి నీళ్లలోకి దిగి, ఒక్క క్షణం అక్కడే ఆగి, ఇక నీతో పనేముంది అన్నట్టు తోక ఒక్కసారి ఊపి మాయమైంది. ఇన్నేళ్లలో ఇన్ని చేపల్ని వదిలాడు గాని, చేప వెళ్లిపోవడం డెస్ ఏనాడూ చూడలేదు. ఆ వేళకు కెమెరా వైపు తిరిగి, బాగా వచ్చిందా అని అడుగుతూ ఉండేవాడు.

మధ్యాహ్నం కునుకు మానేసి ఎరల దుకాణానికి వెళ్లాడు.

"బ్రోన్విన్, దీంట్లోంచి ఒక బొమ్మ ఆపి తీయడం కుదురుతుందా?"

"చిటికెలో పని. కానీ అది చెల్లదుగా. కదిలేదాని కడుపున పుట్టింది..."

"నా మాటలు నాకు అప్పజెప్పకు. రూలు మార్చాలంటే ఏం చేయాలి?"

బ్రోన్విన్ చేతిలో ఉన్న రొయ్యల పొట్లం కింద పడింది. "ఈ రాత్రే కదా చివరి సమావేశం, మీరు అడగండి, నేను బలపరుస్తా. కానీ వాళ్లు వీడియో చూడాలి కదా."

"శబ్దం లేకుండా చూపించు," అన్నాడు డెస్, చుట్టూ చూసి, గొంతు తగ్గించి.

డెస్ అటు వెళ్లగానే బ్రోన్విన్ క్లారీకి ఫోన్ చేసి, డెస్ వీడియో కావాలంటున్నాడని చెప్పింది. క్లారీ అది విని, మనిషికి ఏదో అయిందని తీర్మానించాడు. ఏదో అయిందన్న మాట బేకరీ దగ్గరికి వచ్చేసరికి మొసలి పట్టిందని అయింది, పెట్రోలు బంకు చేరేసరికి ఎడమ కాలు పోయింది. సాయంత్రం పక్కింటావిడ మాంసం పులుసు గిన్నెతో వచ్చి, తలుపు తీసిన డెస్ కాళ్లకేసి మొదట చూసి, తరవాత మొహంకేసి చూసి, వచ్చిన గిన్నె వెనక్కి తీసుకుపోవడం బాగుండదని ఇచ్చేసి వెళ్లింది.

మొసలి పట్టినవాణ్ణి చూద్దామని ఆ రాత్రి ఊరు ఊరంతా క్లబ్బుకు వచ్చింది. బ్రోన్విన్ కెమెరాను గోడమీది పెద్ద టీవీకి తగిలించి, శబ్దం తీసేసి, ఆడించింది. తెర నిండా చేప. హాల్లో ఎవరో గ్లాసు దించబోయి గాల్లోనే ఆపేశారు.

"డెస్ నోరు కదులుతోంది, మాట వినపడ్డం లేదు," అన్నాడు క్లారీ. "నా చెవులేనా, అందరివీనా?" అని రిమోట్ అందుకున్నాడు.

బ్రోన్విన్ డెస్ వైపు తిరిగింది. "ఆపేయనా?"

ఆపేస్తే గోడమీది పాత చేప క్షేమం, కుర్చీ క్షేమం. కానీ చేప నీళ్లలోకి దిగి ఆగే చోటు ఇంకా రాలేదు. దాన్ని ఈ హాల్లో తాను తప్ప మరెవరూ చూడకుండా పోతారు. డెస్ కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

"ఆడనీ," అన్నాడు.

క్లారీ శబ్దం తనకు సరిపడా పెంచాడు. అంటే రేవులో పడవలకు కూడా వినపడేంత. 'చేతులు ముందుకు చాపలేదేం, ఎప్పుడూ చాపేవాడివేగా' అని నోలీన్ గొంతు హాలంతా మారుమోగింది. 'ఈసారి ఆ కర్మ లేదే, గోడ మీదున్న నా చేప దీని తోకంత కూడా ఉండదు' అని డెస్ గొంతు దాని వెనకే మోగింది. తరవాత దుంగ జారింది, చేప ఆగింది, తోక ఊపింది, వెళ్లిపోయింది. తెర నల్లబడింది.

డెస్ తిట్ల కోసం ఎదురుచూశాడు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ ఆయనకేసి చూడను కూడా లేదు. అందరూ గోడమీది ఫొటోలకేసి చూస్తున్నారు, ఎవరిది వాళ్లు. ఏమిటా అని డెస్ కూడా చూశాడు. అన్నేళ్లుగా వాటి కిందే కూర్చున్నా తల పైకెత్తి పరీక్షగా చూడడం అదే మొదలు. ఒక్కో ఫొటోలో చేపను పట్టుకున్న బొటనవేలు అరటిపండంత ఉంది. క్లారీ ఫొటోలో అయితే ఆయన బొటనవేలు ఆయన టోపీ కంటే పెద్దది.

క్లారీ గొంతు సవరించుకున్నాడు.

"చాలా పెద్ద చేప. అంతది నా జన్మలో చూళ్లేదు. రూలు ప్రకారం ఇప్పుడూ చూళ్లేదు. వీడియో చెల్లదు గనక, అందులో ఎవరైనా ఏదైనా అని ఉంటే అదీ మనం వినలేదు. నాకైతే అసలే చెవుడు."

"అయితే రూలు మార్చండి," అంది బ్రోన్విన్. "డెస్ అడుగుతున్నారు, నేను బలపరుస్తున్నా."

"మార్చాలన్నవాళ్లు చేతులెత్తండి."

డెస్ ఎత్తాడు. బ్రోన్విన్ ఎత్తింది.

"వద్దన్నవాళ్లు?"

మిగిలినవాళ్లంతా ఎత్తారు. ఫొటోల్లో అంత లావున ఉన్న ఆ చేతులు పైకి లేచినప్పుడు మామూలు చేతుల్లాగే ఉన్నాయి.

ఈ ఏడు గోడమీది డెస్ పాత ఫొటోను మించిన ఫొటో ఏదీ రాలేదని క్లారీ తేల్చాడు. పాత చేప అక్కడే ఉంది, డెస్ దాని కిందే ఉన్నాడు. లేవబోతే నోలీన్ భుజం పట్టి కూర్చోబెట్టింది.

"కూర్చో, ముసలాడా. ఉక్కగా ఉంది. ఆ చిన్న చేప నీకు ఫ్యానైనా ఇప్పించింది."

మరుసటి వారం నుంచి, వద్దని చేతులెత్తినవాళ్లంతా ఒక్కొక్కరే, ఇంకొకరి కంట పడకుండా, నోలీన్ వంటింటి తలుపు తట్టడం మొదలుపెట్టారు. బల్ల దగ్గర కూర్చుని టీ తాగి, చేప వెళ్లిపోయే చోటు ఇంకోసారి పెట్టమని అడిగేవారు. డెస్ ప్లాస్టర్ పీకేసి, అడిగినన్నిసార్లు పెట్టేవాడు. అందరికంటే ఎక్కువసార్లు వచ్చింది క్లారీయే. వచ్చిన ప్రతిసారీ, రూలు ప్రకారం తాను రాలేదని గుర్తుచేసి మరీ వెళ్లేవాడు.