పాత కాగితాల ఆల్బమ్, ఇసుక గిన్నెలో కేకు

ఇంట్లో కూర్చోవడానికి చోటు ఉందంటే, ఆ ఇల్లాలికి అభిరుచులు లేవని అర్థం. అలాంటి సంసారి మీద జాలిపడండి!

రాయపూర్ గుఢియారీ బజారులో చింతపండు టోకు వ్యాపారం చేసే గురునాథం ఈ విషయంలో అదృష్టవంతుడు. ఆయన భార్య గంగాభవానికి ఒకటి కాదు, రెండు అభిరుచులు. ఒకటి కేకులు చేయడం. రెండోది పాత కాగితాలు దాచడం. అగ్గిపెట్టె బొమ్మలు, సినిమా కరపత్రాలు, బస్సు టిక్కెట్లు, రైల్వే గార్డుగా చేసిన వాళ్ల నాన్న ఇచ్చిన అట్టముక్క టిక్కెట్లు. అన్నీ ఆల్బమ్‌లలో అంటించి పెడుతుంది.

దీనివల్ల లాభమేమిటంటారా? గురునాథాన్ని అడగండి, వేళ్లు మడిచి మరీ చెబుతాడు!

చుట్టాలు వచ్చిన రెండో రోజే వెళ్లిపోతారు. కుర్చీలన్నీ కాగితాలవే మరి! కిందటేడు దొంగ వచ్చి ట్రంకుపెట్టె తెరిచాడు. చిరిగిన బస్సు టిక్కెట్లు చూసి, మూత భద్రంగా వేసి వెళ్లిపోయాడు. ఇంతకంటే చవకైన కాపలా ఎక్కడ దొరుకుతుంది?

ఇక కేకు. గిన్నెలో ఖారున్ ఏటి ఇసుక పోసి, బొగ్గుల సిగిడీ కుంపటి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పేర్చి చేస్తుంది. మొట్టమొదటి కేకు నెల రోజులపాటు కొట్టు తలుపుకు అడ్డుగా పనికొచ్చింది! ఇప్పుడు చెయ్యి తిరిగింది. కోడిగుడ్డు వేశారేమోనన్న అనుమానంతో పక్కింటి సూరమ్మ వచ్చి, మూడు ముక్కలు తిని, "అనుమానం తీర్లేదమ్మా" అంటూ నాలుగోది అందుకుంటుంది.

ఇన్ని లాభాల మధ్య ఒక ఆదివారం ఏమీ తోచక గురునాథం ఆల్బమ్‌లు తిరగేశాడు. నష్టం అక్కడ బయటపడింది.

మామగారిచ్చిన టిక్కెట్లున్నాయి. బావమరుదుల పరీక్ష హాల్ టిక్కెట్లున్నాయి. ఎప్పుడో మూతపడ్డ మిఠాయి దుకాణం పొట్లం కాగితం కూడా ఉంది. పెళ్లి శుభలేఖ తప్ప మొగుడి తాలూకు ముక్క ఒక్కటీ లేదు! పెళ్లయి ఇరవై రెండేళ్లు!

"నాది ఒక్కటీ లేదేమే?"

"మీరేం ఇచ్చారండీ అంటించుకోడానికి? చింతపండు అంటించనా?"

చూశారా! ఇల్లంతా చెత్త అయిందని కాదు గురునాథం బాధ. ఆ చెత్తలో తనకు చోటు లేదని!

మరుసటి ఆదివారమే డోంగర్‌గఢ్ ప్రయాణం. అమ్మవారి దర్శనం, కొండ కింద కేకు ఫలహారం. పెళ్లయ్యాక ఇద్దరే కలిసి రైలెక్కడం అదే మొదలు. వెళ్లేటప్పటి టిక్కెట్లు అలవాటు కొద్దీ అక్కడి గేటులో ఇచ్చేశాడు. తిరుగు టిక్కెట్లయినా దక్కించుకోవాలని, జేబు మీద చెయ్యి వేసుకునే రాయపూర్‌లో దిగాడు.

గేటు దగ్గర టిక్కెట్ కలెక్టర్ బంగారయ్య. శ్రీకాకుళం మనిషి.

"బంగారయ్యా, ఇవి మాకు వదిలెయ్యి. ఆల్బమ్‌లో అంటించుకోవాలి."

"అంటించుకోడానికా! ఏటి సేఠ్‌జీ, భంగు గానీ తాగారేటి? దిగినోడు టికట్టు ఇచ్చెయ్యాల."

గంగాభవాని మిగిలిన కేకు పొట్లం విప్పింది. బంగారయ్య తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు. మళ్లీ చెయ్యి చాపాడు.

"కేకు బాగుందమ్మా. టికట్టు?"

"ఇవ్వకపోతే?" అన్నాడు గురునాథం.

"టికట్టు లేనోళ్ల కిందే లెక్క. జుర్మానా కట్టాల."

బస్తా దగ్గర పావలా కోసం గంటసేపు బేరమాడే గురునాథం, మారుమాట లేకుండా జుర్మానా కట్టాడు! టిక్కెట్లు జేబులో పెట్టుకుని, టిక్కెట్టు లేని నేరానికి! వెనకున్న జనం "పాగల్ హై క్యా?" అని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి దారి ఇచ్చారు. అభిరుచి లేని మనిషికి ఇంతటి మర్యాద దక్కుతుందా?

ఇంటికి రాగానే గంగాభవాని మైదా బంక ఉడికించింది. గురునాథం టిక్కెట్లు రెండూ జుర్మానా రసీదుతో సహా ఆమె ముందు పెట్టాడు. ఆవిడ టిక్కెట్లను పక్కకు జరిపి, రసీదు అందుకుని ఆల్బమ్‌లో అంటించింది.

"టిక్కెట్లు మా నాన్న బోలెడిచ్చాడు. నాకోసం దొంగ ప్రయాణికుడైంది మాత్రం మీరొక్కరే."

గురునాథం కళ్లజోడు పెట్టుకుని ఆల్బమ్ మీదికి వంగాడు.

"ఆ మూల లేస్తోంది చూడు. ఇంకాస్త బంక రాయి."