గంగులమ్మ ఇంటి ముందర బాణం

ఆదివారం పొద్దున నేత్ర చేయవలసిన పని చాలా చిన్నది. ముగ్గుపిండి డబ్బా సైకిల్ బుట్టలో పెట్టుకుని, బేతమంగళ చెరువు కట్ట నుంచి తమ ఊరి మీదుగా ముళబాగిలు రోడ్డు దాకా, మలుపు వచ్చిన చోట ఒక బాణం గుర్తు గీయాలి. బెంగళూరు నుంచి వచ్చే సైకిల్ వాళ్లు ఆ బాణాలు చూసుకుంటూ ఊరు దాటి, ముళబాగిలు మీదుగా నంగలి దాకా పోయి తిరిగి వస్తారు. చెరువు నుంచి ఊరి దాకా దారి సూటిగానే ఉంటుంది. మలుపు అన్నది ఊళ్లో ఒక్కటే, గంగులమ్మ ఇంటి ముందర.

ఈ ఏర్పాటంతా నేత్ర పెద్దమ్మ కూతురు మంజుశ్రీది. ఆమె కేజీఎఫ్ నుంచి రోజూ రైల్లో బెంగళూరు పోయి ఉద్యోగం చేస్తుంది. వారమంతా రైల్లో నిలబడి పోయే మనిషి ఆదివారమైనా ఇంట్లో కూర్చోకుండా సైకిల్ ఎందుకు తొక్కుతుందో బంధువులకు ఇప్పటికీ అర్థం కాలేదు.

"చెరువు దాటితే ఫోన్లో సిగ్నల్ ఉండదు నేత్రా. మ్యాపు ఆడనే నిలిచిపోతుంది. నీ బాణమే మాకు దిక్కు" అని శనివారం ఫోన్ చేసి చెప్పింది. "బాణం గీసేసి ముళబాగిలు రోడ్డు మీద నీళ్లు పెట్టుకోని నిలబడు. ఏమైనా సరే ఆడనుంచి కదలొద్దు."

ఈ పని మీద మంజుశ్రీ కంటే నేత్రకే ఎక్కువ ఆశ ఉంది. నేత్ర బేతమంగళలో పీయూసీ, అంటే ఇంటర్, చదువుతోంది. పొద్దున బస్సు ఊళ్లోకి వచ్చేసరికే నిండిపోయి ఉంటుంది. మిగతా పిల్లలు మోచేతులతో దారి చేసుకుని ఎక్కేస్తారు. నేత్ర మాత్రం "కొంచెం జరగండి" అనే మాట మనసులో సిద్ధం చేసుకునేలోగా బస్సు వెళ్లిపోతుంది. ఎనిమిదో తరగతిలో బడిలో ఇచ్చిన సైకిల్ కొట్టంలో ఆవు పక్కన ఊరికే నిలబడి ఉంది. దాని మీద కాలేజీకి పోతానంటే తండ్రి రామాంజినప్ప ఒప్పుకోడు.

"బస్సులో జరగమని చెప్పలేనిదానివి, దావలో చైను ఊడిపోతే ఎవుర్ని పిలుస్తావు? లారీవోడు అడ్డమొస్తే ఏమంటావు?" అని ఆయన వాదన. నేత్ర దగ్గర దానికి జవాబు ఉంది. కానీ ఆ జవాబు ఎప్పుడూ డైరీలోనే వచ్చేది.

శనివారం సాయంత్రం ఆయన కొంచెం మెత్తబడ్డాడు. "సరే. ఆ బెంగళూరోళ్లను ఒక్కరు కూడా దావ తప్పకుండా ఊరు దాటించు. సోమవారం నుంచి సైకిల్లోనే పో. ఒక్కరు తప్పిపోయినా, ఇంగ ఆ మాట ఎత్తొద్దు."

ఆదివారం చలి ఎక్కువగా ఉంది. నేత్ర గోడకు వేలాడుతున్న ఖాకీ కోటు తొడుక్కుంది. అది వాళ్ల తాత కేజీఎఫ్ బంగారు గనుల్లో పనిచేసేటప్పటిది. ఇప్పుడు తండ్రి దాన్ని పెద్దమనుషుల ముందుకు పోవలసినప్పుడు వేసుకుంటాడు. నెత్తికి మంకీ క్యాప్ పెట్టుకుని, తెల్లవారుతుండగా గంగులమ్మ ఇంటి ముందర సైకిల్ ఆపింది. అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే ముళబాగిలు, కుడికి పోతే ఊళ్లో వీధులు. ఆమె వంగి ఎడమవైపుకు ఒక చక్కని బాణం గీసింది. లేచేసరికి తలుపు తెరుచుకుంది.

"ఎవురప్పా అది?" అంది గంగులమ్మ.

"నేనే అవ్వా" అంటే సరిపోయేది. కానీ గంగులమ్మ ఒక్క ప్రశ్నతో ఆగే మనిషి కాదు. ఎవరి సైకిళ్లు, ఆడపిల్లవు నీకెందుకు, మీ అక్కకు పెండ్లి ఎప్పుడు అని వరుసగా అడుగుతుంది. అవన్నీ తలుచుకునేసరికి నేత్ర కాళ్లు వాటంతట అవే పెడల్ మీదికి పోయాయి.

గంగులమ్మకు ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఇంకో కంటికి కావాలి. ఆ చూపుకు ఒక ఖాకీ కోటు, ఒక టోపీ, పారిపోతున్న సైకిల్ కనబడ్డాయి. కిందికి చూస్తే తెల్లటి బాణం. దాని మొన సరిగ్గా ఆమె బాత్రూము వైపు ఉంది.

పక్క ఊళ్లో ఈ మధ్యనే రోడ్డు వెడల్పు చేశారు. ముందు గుర్తులు వచ్చాయి, వెనకాలే జేసీబీ వచ్చింది. ఈ ఊళ్లోనేమో ఏ ఇల్లూ తన హద్దులో లేదు. గంగులమ్మ బాత్రూము ప్రహరీ దాటి రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. రామాంజినప్ప కొట్టంలో ఆవు తల ఇంటి స్థలంలో, తోక రోడ్డు మీద ఉంటుంది. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎవరినీ ఏమీ అనరు.

గంగులమ్మ రోజూ లాగే కల్లాపి చల్లింది, కాకపోతే రోజూ కంటే కొంచెం దూరం చల్లింది. బాణం పోయింది. తర్వాత భయం వేసింది. గుర్తు కనబడకపోతే చెరిపినవాళ్ల మీద కేసు పెడతారేమో! అందుకని ముగ్గుపిండి తెచ్చి, అదే చోట అలాంటి బాణమే మళ్లీ గీసింది. మొన మాత్రం కుడివైపుకు, అమోసు పంక్చర్ షాపు రేకుల వైపుకు తిప్పింది.

అమోసు గనుల్లో పనిచేసి రిటైరైన మనిషి. షాపు తెరవడానికి వచ్చి బాణం ముందు ఆగిపోయాడు.

"అమోసప్పా, ఖాకీ కోటు ఏసుకోని ఎవురో ఆఫీసరు వచ్చి గుర్తు పెట్టి పోయినాడు. రోడ్డు పెద్దది చేస్తారేమో" అంది గంగులమ్మ గడపలోంచి.

"నువ్వు చూసినావా?"

"నా కంటితోనే చూసినాను."

"ఏ కంటితో?"

"నీ రేకులు పీకేటప్పుడు రెండు కండ్లతోనూ చూస్తాలే, పో!"

అమోసు "ఏసయ్యా" అనుకుంటూ, ట్యూబుల మీద గుర్తు పెట్టే సుద్దముక్క తీశాడు. ఆఫీసరు గుర్తును చెరిపే ధైర్యం ఆయనకు లేదు. తన షాపు ముందర ఇంకో బాణం గీశాడు. అది వీధి చివర రామాంజినప్ప కొట్టాన్ని చూపించింది.

పాలు పితికి బయటికి వచ్చిన రామాంజినప్ప ఆ బాణాన్ని చాలాసేపు చూశాడు. అది నేత్ర గీసినది కాదని ఆయనకు గట్టి నమ్మకం. నేత్ర బాణం ముళబాగిలు దారి చూపిస్తుంది గానీ కన్నతండ్రి కొట్టాన్ని చూపించదు కదా! ఖాకీ కోటు మనిషి సంగతి అమోసు చెప్పగానే, ఆఫీసరుతో మర్యాదగా మాట్లాడదామని తన కోటు కోసం ఇంట్లోకి పోయాడు. కోటు లేదు.

"ఈ ఇంట్లో ఒక్క వస్తువన్నా పెట్టిన చోట ఉండాదా!" అని విసుక్కుని, కోటుకు బదులు ముగ్గుపిండి తీసుకుని వచ్చాడు. పుట్టి బుద్ధెరిగి ముగ్గు వేయని ఆ చేతులు ఎదురు వీధిలోని ఆవులప్ప అరుగు వైపుకు ఒక బాణం గీశాయి. అది కోడికాలు లాగా వచ్చింది.

ఆవులప్ప ఎక్కువ ఆలోచించలేదు. "మొదులు ఆ యమ్మ ఇంటి కాడనే కదా పెట్టినారు, ఆడికే పోనీ" అని తన బాణాన్ని గంగులమ్మ ఇంటికి పోయే సందు వైపుకు గీశాడు. ఆ విధంగా నాలుగు వీధులు చుట్టుకుని దారి ఒక ఉంగరమైంది. అదే సమయానికి చెరువు వైపు నుంచి మొదటి సైకిల్ బెల్లు వినిపించింది.

ముళబాగిలు రోడ్డు మీద నిమ్మకాయ నీళ్ల కుండ పెట్టుకుని నిలబడిన నేత్రకు కూడా ఆ బెల్లు వినిపించింది. బెల్లులు దగ్గరికి వచ్చాయి, దూరం పోయాయి. కాసేపటికి మళ్లీ దగ్గరికి వచ్చి మళ్లీ దూరం పోయాయి. గంగులమ్మ ప్రహరీ మీదుగా రంగురంగుల హెల్మెట్లు కుడివైపుకు పోతూ కనబడ్డాయి. ఎర్ర హెల్మెట్ ఒకటి మూడోసారి కూడా పోయింది. నేత్రకు ఏడుపు వచ్చింది. పోయి చూడాలంటే, కదలొద్దని చెప్పింది అక్క. పిలవాలంటే గొంతు పెద్దగా రాదు. కాలేజీ సైకిల్ మళ్లీ ఆవు పక్కకు పోయి నిలబడినట్టే కనబడింది.

ఊళ్లో సంగతి వేరేగా ఉంది. "హెల్మెట్ పెట్టుకున్నారంటే ఇంజనీర్లే" అని అమోసు తేల్చేశాడు. "మైనింగ్‌లో ఇంత సర్వీసు చేసినాను, నాకు తెలీదా?"

"ఇంజనీర్లు సైకిల్లో ఎందుకు వస్తారప్పా?" అన్నాడు ఆవులప్ప.

"పెట్రోలుకు డబ్బులు ఇయ్యడం నిలిపేసింటారు. అద్దో, గడ్డమాయన బాణాన్ని ఫోటో తీస్తా ఉండాడు చూడు! రికార్డు చేస్తా ఉండాడు!"

అందరికంటే ముందు గంగులమ్మ దారికి అడ్డం పోయి నిలబడింది. "దిగు సామీ, చలిలో వచ్చినారు. కాఫీ తాగి పోండి. ఈ బాత్రూము మా మామ కట్టించింది సామీ, ఈ పొద్దుటిది కాదు."

"చాలా బాగుండాది ఆంటీ" అన్నాడు గడ్డం ఆయన. పాత రాతి కట్టడం అంటే ఆయనకు ఇష్టం.

"దీన్ని ఏం చేసేదంటారు?"

"ఏమీ చెయ్యొద్దు. ఇట్లనే ఉండనీండి."

గంగులమ్మ చేతులెత్తి దండం పెట్టింది. ఆ వార్త సైకిళ్ల కంటే ముందు వీధులు చుట్టింది. ఆఫీసర్లు మంచివాళ్లు, తింటారు, ఒప్పుకుంటారు. అమోసు ఎవరూ అడగకుండానే అన్ని టైర్లకూ గాలి కొట్టాడు. రామాంజినప్ప బెల్లం వేసిన వేడి పాలు గ్లాసుల్లో పోసి, "ఆవుకు తోక కొంచెం పొడుగు సామీ, అందుకే కొట్టం అట్లుండాది" అని విన్నవించుకున్నాడు. ఆవులప్ప అందరినీ తన అరుగు మీద కూర్చోబెట్టి రాగిముద్ద, చట్నీ పెట్టించాడు. రెండో చుట్టుకు వచ్చినవాళ్లకు గంగులమ్మ రవ్వ వేయించి ఉప్పిట్టు కూడా చేసింది.

వెనకబడినవాళ్లను కూడగట్టుకుంటూ మంజుశ్రీ ఊళ్లోకి వచ్చేసరికి, సైకిల్ వాళ్లంతా అరుగు మీద బారుగా కూర్చుని చేతులు నాకుతున్నారు.

"ఇదేంది! నంగలికి పోలేదా?" అంది.

"ఇది నంగలి కాదా?" అన్నాడు ఎర్ర హెల్మెట్ అబ్బాయి.

మంజుశ్రీ ముళబాగిలు రోడ్డు మీదికి పోయి నేత్రను వెంటబెట్టుకుని వచ్చింది. గంగులమ్మ ఇంటి ముందర కల్లాపి తడిలో తన బాణం లేకపోవడం, దాని చోట కుడికి తిరిగిన వేరే బాణం ఉండడం నేత్ర చూసింది. నేత్ర సందు తిరిగిందో లేదో గంగులమ్మ కేక వేసింది. "ఇదే కోటు! ఇదే టోపీ! ఆఫీసరు ఈ పిల్లే!"

రామాంజినప్పకు కోటు ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది. ఎదురుగా ఉన్నది ఇంజనీర్లు కాదని కూడా తెలిసింది. పాలు పోయాయి, బెల్లం పోయింది, పరువు పోయింది. కూతురి వైపు వేలు చూపించి గట్టిగా అన్నాడు: "ఒక్కరు తప్పినా సైకిల్ మాట ఎత్తొద్దన్నానా లేదా? ఈడ తప్పనోడు ఒక్కడన్నా ఉండాడా?"

"ఈ బాణాలన్నీ నువ్వేనా గీసింది?" అని అడిగింది మంజుశ్రీ.

నేత్ర చుట్టూ చూసింది. గంగులమ్మ చేతులు కొంగులో ఉన్నాయి. అమోసు చేతులు జేబుల్లో ఉన్నాయి. ఆవులప్ప రెండు చేతులతో ఖాళీ గ్లాసు పట్టుకున్నాడు. తండ్రి చేయి ఒక్కటే గాలిలో, తన వైపే చాపి ఉంది. వేళ్లు తెల్లగా ఉన్నాయి.

మాట సిద్ధం చేసుకోవడానికి ఈసారి సమయం లేదు. మాటే ముందు వచ్చేసింది.

"నేను గీసింది ఒక్కటే నాయినా. అది గంగులమ్మవ్వ కల్లాపిలో పోయింది. తక్కినవి ఎవురివో నాకు తెలీదు. ఈ కోడికాలు మటుకు మనింటి ముగ్గుపిండే. నీ చేతికి ఇంగా ఉండాది చూడు."

రామాంజినప్ప చాపిన చేయి చాపినట్టే ఉండిపోయింది.

"రామాంజినప్పా, చెయ్యి దించప్పా. ఆఫీసర్లు చూస్తా ఉండారు" అన్నాడు అమోసు.

ముందు గంగులమ్మ నవ్వింది. తర్వాత అరుగు మీదివాళ్లంతా, ఎందుకో తెలియకపోయినా, నవ్వారు. రామాంజినప్ప చేయి పంచెకు తుడుచుకున్నాడు. పంచె కూడా తెల్లనిదే కాబట్టి ఏమీ కనబడలేదు. ఇంత పెద్ద మాట ఈ పిల్ల నోట్లోంచి వచ్చిందా అని కూతురిని మళ్లీ ఒకసారి చూశాడు.

"ఆ లారీవోడితో కూడా ఇట్లనే మాట్లాడతావా?" అన్నాడు.

"మాట్లాడతాను."

"అట్లైతే అమోసు కాడికి పోయి టైర్లకు గాలి కొట్టించుకో. రేపు పొద్దున్నే పోవాల కదా."

గడ్డం ఆయన మంజుశ్రీని పిలిచి, వచ్చే నెల కూడా ఇదే రూటు పెట్టమనీ, నంగలిని ఎప్పుడైనా బస్సులో పోయి చూస్తామనీ చెప్పాడు. ఆవులప్ప ఇంకో ముద్ద వేసుకోమన్నాడు. అందరూ సరేనని మళ్లీ అరుగు మీద కూర్చున్నారు.

సోమవారం నేత్ర సైకిల్ మీద పోతుంటే, "యాడికమ్మా?" అంది గంగులమ్మ. "కాలేజీకి అవ్వా!" అని నేత్ర ఆగకుండానే అరిచింది.

ఊళ్లో రోడ్డు మాత్రం అన్నట్టే ఒక చోట రెండడుగులు వెడల్పయింది. ఆ ఆదివారమే మూడో ముద్ద దగ్గర, రోడ్డు మీదికి జరిగి ఉన్న ఆవులప్ప అరుగు అంతమంది బరువుకు కూలిపోయింది.