మూడో కౌంటరు సొంత మాట

మానవ నాగరికత నిప్పుతో మొదలై, చక్రంతో ఊపందుకుని, సాయంత్రం ఏడింటికి వచ్చే హాస్య సీరియల్‌తో సంపూర్ణమైందని కుళాయి కనెక్షన్ల ఆఫీసు ఏనాడో తీర్మానించింది. సీరియల్‌లోని మాట వాడనిదే అక్కడ పూచికపుల్ల కూడా కదలదు. ఆర్నెల్లుగా కనెక్షన్ కోసం తిరుగుతున్న పెద్దాయన గోడు వెళ్లబోసుకుంటే, సీరియల్‌లో మామగారిలా "కుర్చీ ఉందిగా, కూర్చుని బాధపడండి" అంటారు. ఆయనా నవ్వేస్తారు. (నీళ్లు మాత్రం రావు.)

వాడకం శ్రుతిమించడంతో పైవాళ్లు సంభాషణల పర్యవేక్షణాధికారి అనే పదవిని సృష్టించారు. ఆయన వస్తూనే ఒక రిజిస్టరు తెరిచారు. ఎవరు ఏ మాటన్నా దాని ఎపిసోడ్ నంబరు అందులో రాయాలి. ఒకే మాటను ఒకే మనిషి రోజుకు మూడుసార్లకు మించి వాడరాదు. సంతాప సందర్భాలకు మొదటి వంద ఎపిసోడ్ల నుంచే తీసుకోవాలి. (ఆ తర్వాత రచయిత మారాడట.) నవ్వు రెండు సెకన్లకు తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఈ వ్యవస్థకు మూడో కౌంటరు గుమాస్తా ఆణిముత్యం. సొంత వాక్యం అన్నది ఒక్కటీ వాడకుండా నాలుగేళ్లు నెట్టుకొచ్చాడు. నాలుగో కౌంటరు అమ్మాయితో అతని స్నేహమంతా ఎపిసోడ్ నంబర్లలోనే నడిచింది. ఫైలు పోగొట్టినప్పుడల్లా "తప్పు నాదే, ఆలోచన మాత్రం మీది" అనేవాడు. ఆమె పకపకా నవ్వి రిజిస్టరులో నూట పన్నెండు అని వేసేది. ఆ నవ్వు వినడానికే అతను ఫైళ్లు పోగొట్టేవాడన్న సంగతి ఆడిట్‌వారికి ఇప్పటికీ తెలియదు.

అలాంటిది ఆమెకు బదిలీ అయింది. శుక్రవారం సాయంత్రం ఐదుతో ఆఖరు. అతనికి కాళ్లూ చేతులూ ఆడలేదు. వారమంతా కూర్చుని ఆరువందల ఎపిసోడ్లూ జల్లెడ పట్టాడు. అత్తగారిని దెప్పడానికి డెబ్బై మాటలు దొరికాయి గానీ, వెళ్లొద్దని అడగడానికి ఒక్కటీ దొరకలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు అధికారి గదిలోకి వెళ్లాడు.

"సార్, ఒక మాటకు అనుమతి కావాలి."

"ఎపిసోడ్ ఎంత?"

"ఎపిసోడ్ లేదండీ. సొంతం."

అధికారి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "సొంతమా? ఎవరైనా నవ్వుతారా దానికి?"

"నవ్వకపోతే బాగుండునండీ."

నవ్వించని మాటకు తన దగ్గర ఫారం లేదని అధికారి విచారం వెలిబుచ్చారు. అయినా మనిషి మంచివారు. చాలాసేపు ఆలోచించి, దాన్ని ప్రయోగాత్మక సంభాషణ కింద, సిబ్బంది అందరి సమక్షంలో, గడియారం పట్టుకుని పరీక్షించడానికి ఒప్పుకున్నారు.

ఐదుకు ఐదు నిమిషాలుండగా గుమాస్తా నాలుగో కౌంటరు ముందు నిలబడ్డాడు. బతుకులో ఇంత భయం అతనెన్నడూ ఎరగడు.

"మీరు వెళ్లిపోతే నాకేమీ తోచదండీ. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఆఫీసంతా విరగబడి నవ్వింది. కనెక్షన్ రాని పెద్దాయన కూడా బల్ల చరిచారు. నవ్వు నలభై ఒక్క సెకన్లు నడిచింది.

"ఇది ఏ ఎపిసోడండీ? నేను చూడనేలేదు" అంది ఆమె, ఊపిరి తిప్పుకుంటూ.

అతను నోరు తెరిచేలోపే అధికారి అతని భుజం తట్టి, ఆరువందల ఒకటో నంబరు కేటాయించి, ఆ ఏడాది ఉత్తమ హాస్యంగా ముద్ర వేశారు. ధ్రువీకరణకు విన్నవారి సంతకం తప్పనిసరి కావడంతో, ఆమె కళ్లు తుడుచుకుని, తేదీ వేసి, గుండ్రంగా సంతకం పెట్టి వెళ్లింది.