అరవై మూడో నంబరు బస్సు గీతం

క్లెగ్‌డేల్ పట్టణ ప్రజలకు శుభవార్త. మా వీధి చివరి బస్సు స్టాపును చారిత్రక కట్టడంగా ప్రకటించారు. ఇకమీదట అక్కడ బస్సులు ఆగవు.

కారణం తెలియనివారు ఉండరు. దేశమంతా చేతులు పైకెత్తి పాడుకునే ‘దారిలో ఉంది’ పాట ఆ రేకుల కప్పు కిందే పుట్టింది. మా ఫుట్‌బాల్ జట్టు నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోతున్నప్పుడు ఇరవై వేల గొంతులు ఆ పాటే అందుకుంటాయి. పెళ్ళిళ్ళలో కేకు కోశాక పాడతారు. శవపేటిక కదిలేటప్పుడూ పాడతారు. కిందటి ఎన్నికల్లో రెండు పార్టీలూ పాడాయి. గెలిచిన పార్టీ ఇప్పటికీ పాడుతోంది.

పాట వెనక కథ కూడా రహస్యమేమీ కాదు. మా పక్కింటి గ్లెనిస్ హార్గ్రీవ్స్ వారానికి రెండుసార్లు అరవై మూడో నంబరు బస్సెక్కి, కొండ అవతల వృద్ధాశ్రమంలో ఉన్న అక్క బెరిల్‌ను చూసి వచ్చేది. బెరిల్‌కు జ్ఞాపకం తరిగిపోతోంది. మొగుడి పేరు పోయింది, కొడుకుల పేర్లు పోయాయి, చెల్లెలి ముఖం ఒక్కటి మిగిలింది. తరచూ కనబడుతూ ఉంటే అది మరి కొన్నాళ్ళు నిలుస్తుందని డాక్టరు చెప్పాడు.

ఒక వానరోజు మధ్యాహ్నం బస్సు రాలేదు. గ్లెనిస్ కంపెనీకి ఫోను చేసింది. బస్సు దారిలో ఉందన్నారు.

“ఏ దారమ్మా అది? గంటన్నర నుంచీ దారిలోనే ఉందంటున్నారు! మా అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. నేను వెళ్ళేదాకా టీ కూడా ముట్టదు, తెలుసా?”

పక్కనే గిటారు సంచితో తడుస్తున్న రోరీ థ్వెయిట్ అనే కుర్రవాడికి కళ్ళు చెమర్చాయి. ఆమె మాటలను ఉన్నదున్నట్టు రాసుకుని, ‘దారిలో ఉంది’ అని పదహారుసార్లు చేర్చి, తన ‘స్పేర్ రూమ్స్’ బృందంతో పాడాడు. ఆ పాట ప్రేమ గురించి కాదు, స్వేచ్ఛ గురించి కాదు, రాని బస్సు గురించేనని ప్రతి ఇంటర్వ్యూలోనూ నిజాయితీగా చెప్పాడు. విన్నవాళ్ళు మరింత కదిలిపోయారు. అందరికంటే ఎక్కువ కదిలిపోయినవారు బస్సు కంపెనీవారే. ఫిర్యాదు చేయడానికి ఫోను చేసేవారికి, ఎవరో ఒకరు పలికేదాకా, ఆ పాటే వినిపించసాగారు.

అభిమానులు స్టాపు దగ్గర ఫొటోలు దిగడానికి దూరదూరాల నుంచి వచ్చారు. మంచి మర్యాదస్తులు, వరసలో నిలబడ్డారు. మా ఊరివాళ్ళు అంతకంటే మర్యాదస్తులు. వరస కనబడగానే దాని చివరికి వెళ్ళి నిలబడ్డారు. బస్సు వచ్చినప్పుడు ముందున్న నలభై మందికీ బస్సు అక్కర్లేదు. వెనకున్నవాళ్ళు వాళ్ళను దాటి వెళ్ళలేదు. అంత సంస్కారహీనులు మా ఊళ్ళో లేరు. ఎక్కేవారు లేరని డ్రైవరు నెల రోజులపాటు నివేదిక పంపాడు. ప్రయాణికులు లేని కారణంగా అరవై మూడో నంబరు సర్వీసును సగౌరవంగా రద్దు చేశారు.

తరవాత సన్మానసభ జరిగింది. మేయరు క్లైవ్ పోసల్‌థ్వెయిట్ చారిత్రక స్థలాలకు తగిలించే నీలం రంగు ఫలకాన్ని ఆవిష్కరించారు. ‘గ్లెనిస్ హార్గ్రీవ్స్ ఇక్కడ వేచి ఉన్నారు’ అని దానిమీద ఉంది. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

“మిత్రులారా! ఇతర పట్టణాలు బట్టలు నేశాయి, ఉక్కు పోతపోశాయి. ఎదురుచూడటం ఎలాగో ప్రపంచానికి నేర్పింది మాత్రం మన క్లెగ్‌డేల్!” అన్నారు ఆయన. మాకు ఒళ్ళు పులకరించింది.

గ్లెనిస్‌కు మైకు ఇచ్చారు.

“ఫలకం బాగుంది మేయరుగారూ. బస్సెప్పుడు?”

జనం పడీపడీ నవ్వారు.

“నవ్వకండయ్యా. మా అక్కను చూసి ఐదు వారాలైంది. మొన్న ఎవరో నర్సు చెయ్యి పట్టుకుని ‘గ్లెనిస్’ అని పిలిచిందట. ఇంకో నెల పోతే...”

రోరీ ఆగలేకపోయాడు. “ఆంటీ, ఇది మీకోసం!” అంటూ గిటారు అందుకున్నాడు.

“వద్దు నాయనా, పాడకు, నన్ను చెప్పనీ...”

మిగతాది వినబడలేదు. మూడు వేల మంది అందుకున్నారు. పట్టపగలు, జల్లులో, ఫోను దీపాలు వెలిగాయి. మేయరుగారు ఏడ్చారు. బస్సు కంపెనీ ప్రతినిధి ఆయనకు తన రుమాలు ఇచ్చాడు. నేనూ గొంతు పోయేదాకా పాడాను.

మర్నాడు పొద్దున్నే గ్లెనిస్ గోడ మీదుగా పలకరించింది.

“ఏమ్మా మార్జరీ, నీ కారులో నన్నోసారి కొండ అవతల దింపుతావా? అరగంటే. గురువారమైతే మేలు, ఆ రోజు అక్క కాస్త తెలివిగా ఉంటుందట.”

“అయ్యో, గురువారమేనా! నాకు పాటల సాధన ఉందే. నీ బస్సు కోసమే చర్చిలో పెద్ద కచేరీ పెడుతున్నాం. ముందు వరసలో నీకు కుర్చీ వేయిస్తాలే.”

“సరేనమ్మా, చాలా థాంక్స్” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మిగతా ఆరు రోజుల సంగతి అడగలేదు. అలా అడగడం మా ఊళ్ళో మర్యాద కాదు.