చతుర్ఘంటికా విజయము

స్వస్తి! మగ్గముల ఘోషయే మంగళవాద్యముగా, నూలుధూళియే సుగంధచూర్ణముగా నిత్యోత్సవము జరుపుకొను సోలాపూర్ మహానగరమున, అశోక్ చౌక్ సమీపమందలి చద్దర్ల కార్ఖానాలో, ఒకానొక సోమవారము పది గంటల పదునాలుగు నిమిషములకు, బహుపాస్‌వర్డ్‌ధారిణి, కంప్యూటర్‌శాలాధీశ్వరి, నీలం నగర్ వంశదీపిక యగు రూపాలి మీటింగు గదిలో అడుగిడెను.

ఆమె కోరినది నాలుగు గంటలు. పదమూడేండ్లుగా ఏ ఊరివారు ఏ రంగు చద్దరును వలచిరో, ఏ మగ్గమెన్ని తువాళ్లు నేసెనో సమస్తమును గర్భమున దాచుకొన్న డేటా వేర్‌హౌస్ అను వృద్ధభాండాగారమునకు కొత్త వెర్షను ఎక్కించవలె. ఎక్కించునంతసేపు దానిని ఆపవలె. నెలాఖరు దాటిన పిమ్మట పాత వెర్షనును బాగుచేయువారుండరు. అది కూలెనా, కార్ఖానా జ్ఞాపకమంతయు బూడిదయే!

ఎదురుగా ఆ భాండాగారపు రిపోర్టులే ఆధారముగా అమ్మకములు నడుపు సేనాని మంగేశ్, ఉభయహస్తముల ఫోనులు ధరించి, మూసిన కోటతలుపువలె కూర్చుండెను. సోమవారమనగా ఆర్డర్లనెను, మంగళవారమనగా లారీలనెను, తక్కిన వారముల పేరెత్తకమునుపే తల అడ్డముగా ఊపెను. పోనీ, మగ్గములు నిద్రించు ఆదివారమనగా, ఆనాడు కరెంటే ఉండదని అట్టహాసము చేసెను. వారములన్నియు వరుసగా నేలకూలెను. రూపాలి చేతిలోని మార్కరుకు మూత తీయు పనియే పడలేదు. అయినను ఆ ధీర లేచి, సింహనాదమునకు బదులు గొంతు సవరించుకొని, ఇట్లు పలికెను:

"మంగేశ్ భావూ, మనకందరికి వారానికొక సుట్టీ ఉంటది. ఆ వేర్‌హౌస్‌కు పదమూడేండ్ల సంది ఒక్క దినం గూడ లేదు. నేను నాలుగు గంటలు అడిగిన, రాజ్యం అడగలే."

అంతట ప్యాకింగు విభాగమున ముప్పదియేండ్లు ఏలిన చంద్రభాగ, చాయి కప్పు మెల్లగా దించి,

"ఆ రిపోర్టులు చూసేటోనివి నువ్వొక్కనివే గద మంగేశా. గురువారం పొద్దుగాల అక్కల్‌కోట్ దర్శనానికి పోతున్న అంటివి. ఇగ ఆ పూట అవి ఎవ్వరికి కావాలె?" అనెను.

అమోఘమైన ఆ వాగ్బాణము తగిలినంతనే సేనాని చేతులలోని ఫోనులు రెండును బల్లపైకి ఒరిగెను.

"ఎనిమిది నుంచి బారా దాక," అనెను. "బారా అంటే బారా."

రూపాలికి నవ్వాగలేదు. తెల్లబోర్డుపై వ్రాయబోగా మార్కరు ఎండిపోయి యుండెను. మూడుమారులు విదిలించి, నాలుగవమారు వ్రాసెను. అప్‌గ్రేడు కాలేదు. సర్వరును ముట్టినవారు లేరు. ఐనను జనులారా, ఆలకింపుడు! తేదీ పడెను!