సముద్రానికి పసుపుకొమ్ము

వినుడు, వినుడు! కుప్పలుతెప్పలుగా పోసిన హరిద్రారాశుల పసిడికాంతులతో మధ్యాహ్నసూర్యునికే కన్నుకుట్టునట్టిదై, తుమ్ములకు జన్మస్థానమై, సిద్ధుల గుట్ట పాదమున వెలసిన ఆర్మూరు మహాపట్టణమందు, పసుపు మార్కెట్టు యార్డులో, డెబ్బది కిలోల బస్తాను ఒంటిభుజమున మోయు హమాలీవీరాగ్రేసరుడు గంగాకిషన్ అను ధీరుడు కలడు. ఆతడు పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరమున, ఆర్మూరులో బస్సెక్కి, బొంబాయిలో విమానమెక్కి, ఆ లోహవిహంగము మస్కట్టులో ఆరు గంటలు అలిగి కూర్చొనగా, రెండు రాత్రులు కంటికి కునుకు లేక, ఒక శుక్రవారమునాడు దుబాయి సాగరతీరమున అడుగిడెను.

వెంట వచ్చినవాడు ఆర్మూరు పక్క ఊరైన వేల్పూరు ఏసయ్య. మూడేండ్లుగా అక్కడ గోడలు కట్టుచున్న మేస్త్రీ. సెలవు దినము గదా యని, కొత్తగా వచ్చిన తమ్మునికి సముద్రము చూపవలెనని కూలీల క్యాంపు నుండి వెంటబెట్టుకొని వచ్చెను. ఆతని చంకలో ఒక పొట్లము. అందు ఖుబ్బూసు రొట్టెలు, కోడికూర. ఆ వాసనకు గంగాకిషన్ కడుపులో నగారాలు మ్రోగెను.

కాని తినుటకు వీలు లేదు! ఏలయన, ఆర్మూరు బస్టాండులో ఆతని ఇల్లాలు, బీడీలు చుట్టుటలో సాటిలేని భాగ్యవ్వ, బీడీదారము కట్టిన పసుపుకొమ్మునొకదానిని ఆతని చేత బెట్టి యిట్లు శాసించియుండెను.

"కొత్త నీళ్లు సూడంగనే గంగమ్మకు గిది ఇయ్యాలె. ఆమె తీసుకున్నంకనే ఆ దేశంల మెతుకు ముట్టు. గప్పుడే నీకు ఆడ నిలకడుంటది. నిరుడు మన వాడకట్టు రాజేశ్వర్ ఇయ్యకుంట పోయిండు, ఏమైంది? రెండు నెలలకే తిరిగొచ్చె!"

అంతట గంగాకిషన్ ప్యాంటు మోకాళ్ల దాక మడిచి, ఆవలి ఒడ్డు లేని ఆ నీలజలరాశిని కన్నులార్పక చూచి, "అమ్మో! గిన్ని నీళ్లా!" అని, దారము విప్పి జేబులో వేసికొని, కొమ్మును కన్నులకద్దుకొని విసిరెను.

అల వచ్చెను. కొమ్ము తిరిగివచ్చి ఆతని కాలి బొటనవ్రేలిని తాకెను.

మరల విసిరెను. మరల వచ్చెను. మూడవమారు బస్తాలు విసరు భుజమునంతయు ఒడ్డి విసరగా, ఆ సముద్రుడు మూడవమారును తెచ్చి పాదములకడ పెట్టెను. పోచంపాడు దగ్గర గోదావరికి ఏమిచ్చినను తీసికొని చక్కగ దిగువకు పోవును. ఇచ్చినదానిని ఇట్లు మొగమున కొట్టు నీళ్లను ఆతడు పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

నాలుగవమారు నడుములోతుకు చొచ్చెను. అంతనొక ఉత్తుంగతరంగము, ఆర్మూరు టైలరు కుట్టిన కొత్త ప్యాంటని కనికరమైనను లేక, వీరుని దబ్బున పడవేసి, నోటినిండ నీరు పోసి, కొమ్ముతో సహా ఒడ్డునకు నెట్టెను.

"థూ! ఉప్పు! అన్నా, గీ నీళ్లల్ల ఎవడో ఉప్పు బస్తాలు గుమ్మరించిండే!"

ఏసయ్య పొట్ట పట్టుకొని నవ్వెను. "సముద్రమంటె గంతే తమ్మీ! లేసి రా, కూర సల్లగైతుంది."

"గంగమ్మ వద్దంటున్నదన్నా. నేను గూడ రాజేశ్వర్ లెక్కనే వాపస్ పోతనేమో."

నిజముగనే భయమేసినది పాపము. తడిసిన ఇసుకలో చతికిలబడి, కొమ్మును చేతిలో త్రిప్పుచు కూర్చుండెను. పదేండ్ల యార్డు అలవాటున వ్రేళ్లు వాటంతటవే దానిని రెండు కొసల పట్టుకొనెను. పట్టుకొని ఆగెను.

ఆహా! అప్పుడు లేచెను గంగాకిషన్! లేచి, పిడికిలెత్తి, సాగరగర్జన చిన్నబోవునట్లు పలికెను.

"ఓ సముద్రమ్మా! తప్పు నాది తల్లీ, నీది గాదు! యార్డుల కొమ్ము ఇరిచి లోపటి రంగు సూడకుంట ఏ సేటన్న కొన్నడా? నువ్వెందుకు కొంటవ్? సూడు! కమ్మర్‌పల్లి చెల్కల పండింది, భాగ్యవ్వ చేతులకెల్లి వచ్చింది! ఇగ సూడు రంగు!"

టప్పున విరిచెను. లోపల మేలిమి బంగారము. రెండు ముక్కలును విసిరెను.

ఒక అల వచ్చెను, వట్టిచేతులతో. రెండవ అల ఒక ముక్కను తెచ్చెను. రెండవ ముక్క? ఇరువురును మోకాళ్లపై ప్రాకుచు ఇసుకనంతయు జల్లెడపట్టిరి. ఏసయ్య మధ్యమధ్య "ఏసుప్రభువా, జర నువ్వన్న చెప్పయ్యా" అని సిఫారసు చేయుచుండెను. దేవుడు వేరైనను ఆకలి ఒకటే గదా. పది అలలు వచ్చెను. పది అలలును పోయెను. ముక్క రాలేదు.

"తీసుకున్నదన్నా! కాని సగం వాపస్ ఇచ్చింది గదా?" అని వీరుడు సందేహించెను.

"పిచ్చోడా, మీ గుళ్లె టెంకాయ కొడితె సగం చిప్ప మీ చేతికియ్యరా? ప్రసాదంరా అది!"

అంతే! గంగాకిషన్ ఎగిరి గంతులేసెను, ఏసయ్యను ఎత్తి బస్తావలె భుజమున వేసికొని తీరమెల్ల పరుగెత్తెను. పిమ్మట ఆ ప్రసాదమునకు బీడీదారము చుట్టి జేబులో దాచి, ఎనిమిది ఖుబ్బూసులను సంహరించెను.

జయము, జయము! నాటినుండి ఆ మహాసముద్రములో ఒక్క అంగుళము మేర ఆర్మూరు కలదు. నమ్మనివారు పోయి వెదకుకొనవచ్చును.