గద్దెకు పోసిన ముగ్గు

ఆరాధన వాకిట్లో కూర్చుని రాత్రి గిన్నెలు తోముతోంది. రొట్టెల పెంకకు అంటిన మాడు ఎంత రుద్దినా వదలడం లేదు. రుద్దుతూనే ఆమె ఆ రోజు చేయవలసిన పనిని మనసులో మరోసారి సరిచూసుకుంది. గిన్నెలు కాగానే గల్లీ చివర నల్లా దగ్గరికి వెళ్లాలి. అక్కడ నీళ్ల కోసం నిలబడే ముసలివాళ్లు కూర్చోవడానికి ఒక చిన్న గద్దె కట్టాలి. సాయంత్రం వీడియో కాల్‌లో దాన్ని చూపించాలి. చూపిస్తే కెన్యా. చూపించకపోతే ఉన్న ఊరు ఇచ్చోడే.

డిగ్రీ అయిపోయింది. పీజీలో చేరేముందు ఒక ఏడాది పరాయి దేశానికి వెళ్లి, బడులు, బావులు కట్టేవాళ్లతో కలిసి జీతం లేకుండా పనిచేయాలని ఆమె కోరిక. అలాంటి పనులు చేయించే ఒక సంస్థ ఆమెను దాదాపు ఎంచుకుంది. ఖర్చులు వాళ్లవే. మిగిలింది ఒక్కటే పరీక్ష. సొంత ఊళ్లో పదిమందికి పనికొచ్చేది ఏదైనా సొంత చేతులతో కట్టాలి.

తండ్రి అబ్రహాం మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆయన మస్కట్‌లో ఏళ్ల తరబడి ఇటుకలు మోసి, నడుం నొప్పితో తిరిగి వచ్చిన మనిషి.

"నేను జీతానికి వోయి మోసిన. నువ్వు ఉత్తగ పోయి మోస్తనంటవు," అన్నాడు.

"అది సేవ బాపూ."

"మా సేటు గూడ ఆర్నెల్లు గట్లనే చేయించుకున్నడు. సేవ అనే మాటనే మాకు చెప్పలే."

తల్లి ఆనందమ్మ లోపలినుంచి అందుకుంది. "బిడ్డ కెన్యాల కడ్తదట. ఇంటాయన గా ఎనుక అర్ర గోడ ఎప్పుడు కడ్తడో అడుగు. వానొస్తె ఉన్న గిన్నెలన్ని ఆన్నే పెట్టుడైతుంది."

"నా నడుము బాగైనంక చూస్త," అన్నాడు అబ్రహాం. ఆ నడుం బాగుకావడం కోసం వెనక గది గోడ చాలా వానాకాలాలుగా ఎదురుచూస్తోంది.

ఆరాధన గిన్నెలు బోర్లించి, ముగ్గుపిండి డబ్బా, దారపు ఉండ తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లింది. దారం కట్టి, కొలత చూసి, మంచం పట్టేంత జాగాలో నాలుగు గీతలు పోసింది. పనికి ముందు ఒక ఫొటో, పని అయ్యాక ఒక ఫొటో పంపమన్నారు. ఆమె ముగ్గు మధ్యలో నిలబడి, చెయ్యి చాపి ఫొటో తీసుకుని పంపింది.

ఈమధ్య ఆ చుట్టుపక్కల సర్కారు ఇల్లు మంజూరైనవాళ్లకు జరిగేది కూడా ఇదే. ఆఫీసరు వస్తాడు. ఖాళీ జాగాలో ముగ్గు పోయిస్తాడు. ఇల్లు వచ్చిన మనిషిని ముగ్గు మధ్యలో నిలబెట్టి ఫోన్‌లో ఫొటో తీస్తాడు. ఆరాధన వాళ్లుండే చర్చి గల్లీలో ఇంకా ఎవరికీ ఆ భాగ్యం కలగలేదు. ఇదంతా ఆరాధనకు తెలుసు. కానీ గద్దె గురించి ఆలోచిస్తున్న మనిషికి ఇల్లు గుర్తుకు రాలేదు.

నల్లా కింద బిందె పెట్టిన శంకరవ్వ చూసింది.

"ఫొటో పంపినవా బిడ్డా?"

"పంపిన పెద్దవ్వా."

"ఎవలికి?"

"పై ఆఫీసుకు. పొద్దుమూకి మాట్లాడుతరట."

శంకరవ్వ బిందెను నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆరాధన ఇటుకలు తెచ్చేసరికి ముగ్గు చుట్టూ జనం ఉన్నారు. "ఇది గద్దె. మీరు కూసోనీకే," అని ఆమె చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

"మంజూరైనోళ్లు ఎవ్వలు గూడ అయిందని చెప్పరు," అంది శంకరవ్వ.

పక్కింటి రామవ్వకు మాత్రం కొంచెం అనుమానం వచ్చింది. "గింత చిన్నగ ఇల్లేందక్కా?"

"గిది బాత్రూము. ఇల్లు తర్వాత పోస్తరు."

ఆ మాట అందరికీ సబబుగా తోచింది.

మధ్యాహ్నానికి గల్లీలో ప్రతి వాకిట్లోనూ ముగ్గు పడింది. కిరాణా కొట్లో పిండి అయిపోతే పొయ్యిలో బూడిద తెచ్చి పోశారు. గల్లీ ఇరుకు, ఇళ్లు ఎక్కువ. శంకరవ్వ పోసుకున్న పడకగది రామవ్వ పోసుకున్న వంటింట్లోకి వచ్చింది.

"నా పొయ్యికాడ నీ మంచమేందక్కా?"

"నీ పొయ్యే నా మంచం కిందికి వచ్చింది. జర ఎనుకకు జరుపుకో."

లేని మంచం, లేని పొయ్యి చాలాసేపు కొట్లాడాయి.

ముగ్గులు పోశాక ఫొటోలు కావాలి. ఆరాధన ఫోన్‌లోంచి అయితే ఆఫీసుకు పోతుందని అందరికీ తెలిసిపోయింది. "నా ఫోన్లకెల్లి పోదు కాకా," అంటే, "మీదైతె పోయింది గద," అన్నారు. ఆమె తాపీ కింద పెట్టి ఒక్కో వాకిలికీ తిరిగింది. ముగ్గుల్లో నిలబడ్డవాళ్లు ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఇల్లు అవసరం లేదనుకుంటారని భయం. గద్దెకు కలిపిన సిమెంటు మాలు ఎండుతోంది. పేర్చిన రెండు వరసల ఇటుకల మీద, తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్లు కూర్చున్నారు.

ఈలోగా చెన్నూరు నుంచి అబ్రహాం చెల్లెలు లిడియా ఫోన్ చేసింది.

"అన్నా, ముగ్గు పోసుకుంటివట. ఆడిబిడ్డ యాదికి రాకపాయె."

"ఇల్లు గాదు లిడియా. నల్లాకాడ గద్దె."

"మంచిది. పిలిస్తె గా గద్దె మీదనన్న కూసుందును."

ఆమె ఫోన్ పెట్టేసింది. అబ్రహాం నడుం పట్టుకుని మంచం మీద పక్కకు తిరిగాడు.

అదే సమయానికి రామవ్వ భర్త రాయమల్లు వచ్చాడు. "బిడ్డా, మీ గడ్డపార జర ఇయ్యి." ఎందుకని అడిగే ఓపిక ఆరాధనకు లేదు. తెచ్చి ఇచ్చింది. నిలబడ్డ గోడలున్నవాళ్లకు ఇల్లు రాదని, జాగా ఖాళీగా ఉండాలని శంకరవ్వ రాయమల్లుకు చెప్పినట్టు ఆమెకు తెలియదు. కాసేపటికి దభీమని చప్పుడైంది. గల్లీ అంతా దుమ్ము లేచింది. రాయమల్లు ఇంటి ముందు గోడ, దాని మీది రేకులు కింద ఉన్నాయి. రాయమల్లు ఖాళీ జాగాలో తృప్తిగా నిలబడి ఉన్నాడు.

"ఫొటో తియ్యి," అన్నాడు.

ఆరాధన తీయలేదు. పంచాయతీ ఆఫీసుకు ఫోన్ చేసి, ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆ రోజు ఏ ఆఫీసరూ రాలేదని, ఎవరికీ ముగ్గు పోయలేదని అవతలివాళ్లు చెప్పారు. రాయమల్లు ఫోన్ తిరిగి ఇచ్చి, మెల్లగా రేకుల మీద కూర్చున్నాడు. రామవ్వ ఏడుపు అందుకుంది. గల్లీ శంకరవ్వ వైపు చూసింది. శంకరవ్వ నల్లా వైపు చూసింది.

సరిగ్గా అప్పుడే వీడియో కాల్ వచ్చింది.

సంస్థ తరఫున మాట్లాడేది ఒక నెమ్మదైన ఆవిడ. ఏం కట్టావో చూపించమంది. ఆరాధన గద్దె చూపించాలని ఫోన్ తిప్పింది. ఆవిడకు గద్దె కనిపించలేదు. కూలిన గోడ, వంగిన రేకులు, మట్టిలో దొర్లుతున్న గిన్నెలు, నేల నిండా తెల్లగీతలు, ఆ గీతల్లో నవ్వకుండా నిలబడ్డ మనుషులు కనిపించారు. ఆరాధన నోరు తెరిచేలోపు రామవ్వ ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నువ్వన్న చెప్పు. మా గోడ వాయె. రాత్రికి ఏడ పండాలె?"

ఆవిడకు తెలుగు రాదు. అయినా కళ్లు తుడుచుకుంది. అంతలో సిగ్నల్ పోయింది.

దీపాలు పెట్టే వేళకు ఆరాధన ఇంటికి వచ్చి గడప మీద కూలబడింది. రాయమల్లు గడ్డపార తెచ్చి, తలుపు పక్కన ఆనించి పోయాడు. ఫోన్‌కు సందేశం వచ్చింది. మీ ఊళ్లో వచ్చిన భూకంపానికి చాలా బాధపడుతున్నామని ఉంది. ఆరాధన ఓపిక తెచ్చుకుని జరిగినదంతా ఉన్నదున్నట్టు రాసింది. భూకంపం రాలేదని, గోడను ఇంటివాళ్లే కూల్చుకున్నారని, మొదలు తన ముగ్గేనని రాసింది. జవాబు తొందరగానే వచ్చింది. ఆమె దాన్ని చదివి, మళ్లీ చదివింది.

"ఏమంటున్నరు?" అంది ఆనందమ్మ.

"ఎట్ల వడ్డా గోడ గోడే అంటున్నరు. వాళ్లే వచ్చి కడ్తరట. వచ్చే నెల ఎనమండుగురు వస్తరట, ఏవేవో దేశాలకెల్లి. నేను ఈన్నే ఉండి అంత చూసుకోవాల్నట."

"కెన్యా?"

"వచ్చే ఏడాది చూద్దమన్నరు."

ఆనందమ్మ కూతురి మొహం చూసింది. "వాళ్లేం తింటరు?" అంది.

"తెలువదవ్వా."

అబ్రహాం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎవ్వలెవ్వలియి కడ్తరు?"

"గోడలు వడ్డోళ్లయి."

"నిలవడ్డయి?"

"కట్టరు బాపూ. వడ్డయే."

"జీతం?"

"ఉత్తగనే. చెప్తి గద, సేవ."

"సేవ," అన్నాడు అబ్రహాం. ఆ మాట మొదటిసారి విన్నట్టు తలాడించాడు.

ఆనందమ్మ భర్త వైపు చూసింది, తలుపు పక్కనున్న గడ్డపార వైపు చూసింది. తర్వాత లేచి వెనక అర్రలోకి వెళ్లి, అక్కడున్న బియ్యం బస్తాను ముందింట్లోకి లాక్కురావడం మొదలుపెట్టింది. ఆరాధన లేచి రెండో పక్క పట్టుకుంది.

అబ్రహాం మంచం దిగాడు. వంగి గడ్డపార అందుకుని, భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా ఇంట్లోంచి బయటికి నడిచి వెనక గోడ వైపు తిరిగాడు.

ఆయన నడుం బాగైంది.